పిండికి తొడిగిన కోటు

లంబసింగిలో మంచు కురవడం మొదలైన మూడో ఏడు, చిన్న వ్యాపారాలు మూతపడకుండా ప్రభుత్వం దుకాణానికొకటి చొప్పున వేడి కోట్లు పంచింది. కోటు తొడుక్కున్న మనిషి ఒంట్లో ఏమాత్రం తేడా వచ్చినా ఆ కోటే ఆసుపత్రికి కబురు పెడుతుంది. టిఫిన్ బడ్డీ పైడమ్మ మాత్రం తన కోటుని ఇడ్లీ పిండి గిన్నెకు తొడిగి, గుండీలన్నీ పెట్టేసింది. చలికి పిండి పులియక వారం రోజులుగా బడ్డీ తెరవలేదు మరి.

తెల్లారేసరికి ఎగిరే అంబులెన్సు బడ్డీ ముందు వాలింది.

"పేషెంటెక్కడ? నాడి లేదు, పొట్ట ఉబ్బిపోతోంది, ఒళ్లంతా బుడగలట!" అంటూ డాక్టరు పరుగెత్తుకొచ్చాడు.

పైడమ్మ గుండీలు విప్పింది. పిండి గిన్నె అంచు దాటి పొంగుతోంది.

"పొంగింది బాబో, పొంగింది!" అంటూ ఆమె డాక్టరు చేతులు పట్టుకుని గిర్రున తిప్పేసింది.

"కోటు మనుషులకమ్మా! ఈ సంగతి రాశానంటే వెనక్కి పట్టుకుపోతారు."

"రాద్దువు గానీ బాబూ, ముందు కూకో. నానెప్పుడూ పొయ్యి కాడే ఉంటాను గదా, నాకు సలేటి?"

ఎనిమిది ఇడ్లీలు తిన్నాక డాక్టరు రిపోర్టు రాశాడు: "పేషెంటు పూర్తిగా కోలుకుంది. కోటు తీయరాదు. రోజూ ఉదయం నేనే వచ్చి చూడాలి."