ఇటిక్యాల పసరు

అరవై ఏళ్ల ఈదమ్మ అందరి ముందూ వంగి భార్గవి కాళ్లు పట్టుకుంది.

“నీ కాళ్లు మొక్కుత బిడ్డా. వచ్చే వారం ఐదో సూది విడువకు.”

పెద్దవాళ్లు కాళ్లు పట్టుకుంటే ఆయుష్షు తగ్గుతుందంటారు. అసలే దాని కోసం కొట్టుకులాడుతున్న భార్గవి గబుక్కున కాళ్లు వెనక్కి లాక్కుంది.

2006లో గద్వాలలో క్యాన్సర్ వచ్చినవాళ్లు ప్రతి గురువారం ఒక బడిగదిలో కూడేవారు. నర్సు మాలతి వాళ్లతో చేతుల కసరత్తు చేయించేది, ఏం తినాలో చెప్పేది, ఏడ్చేవాళ్లను ఏడవనిచ్చేది.

ఈదమ్మకు ఏ జబ్బూ లేదు. ఏ ఊరో చెప్పదు. అయినా ఒక్క వారం తప్పదు. అందరికీ మంచినీళ్లు అందిస్తుంది, సూదులకు హైదరాబాదు పోమని మొండికేసేవాళ్ల వెంట పడుతుంది.

చీరలు నేసే భార్గవి మగ్గం గుంతలో దిగక నాలుగు నెలలైంది. నాలుగు కీమో సూదులకే జుట్టు ఊడింది, నోరంతా పుండైంది.

“ఇంక నాతోని గాదు. ఇటిక్యాలల ఒకామె పసరు కడ్తదంట. గడ్డ కరిగిపోతదంట.”

ఈదమ్మ ముఖం పాలిపోయింది.

“కరగదు బిడ్డా.”

“నువ్వు చూసినవా?”

“చూసిన.”

“ఎవరికి?”

ఈదమ్మ నీళ్ల చెంబు తీసుకుని పక్కకు తిరిగింది. భార్గవికి ఒళ్లు మండింది.

“దవాఖానోళ్లు పెట్టిన మనిషివి నువ్వు. జబ్బు లేనిదానికి మా బాధ ఏం తెలుస్తది? మళ్ల నా దగ్గరికి రాకు.”

మరుసటి గురువారం ఈదమ్మ రాలేదు. పీడ విరగడైందనుకుంది భార్గవి. తెల్లారితే ఐదో సూది. ఆమె మాత్రం మందిచ్చే మనిషి చేతిలో పెట్టడానికి ఆకువక్కలు పట్టుకుని ఇటిక్యాల బస్సు కోసం బయల్దేరింది.

పసరుకు పోయేవాళ్లకు ఒక కట్టడి ఉంది. మందు చేతిలో పడేదాకా ఎవరితోనూ పలకకూడదు. మందిచ్చే మనిషి పేరు అడగకూడదు.

బస్టాండులో మాలతి ఎదురొచ్చింది.

“భార్గవీ, జర ఆగు. ఈదమ్మ సంగతి...”

భార్గవి వినిపించుకోకుండా బస్సెక్కేసింది.

ఆకువక్కలతో నోరు మూసుకుని వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో ఇటిక్యాలలో అందరికీ తెలుసు. ఒకావిడ తల అడ్డంగా ఊపుతూనే ఇల్లు చూపించింది.

వాకిట్లో కూర్చున్న బాలయ్య అనే ముసలాయన ఆమె చేతులు చూసి నిట్టూర్చాడు.

“పసరు లేదు తల్లీ. మూడేండ్ల కిందనే మా ఇంటామె బంజేసింది. మొన్న సోమవారం గుండె ఆగి ఆమె గూడ పాయె.”

అయినా భార్గవి ఆకువక్కలు ఆయన ముందు పెట్టింది.

“మా బిడ్డకు రొమ్ముల గడ్డ లేసింది. నేనుండంగ దవాఖాన ఎందుకని తల్లే పసరు కట్టింది. పట్నం తోల్కపొమ్మని బిడ్డ ఏడ్చినా వినలే. ఎనిమిది నెలలకు బిడ్డ పాయె. ఆ దినమే నూరే రోలు తీస్కపోయి బాయిల ఏసింది.”

ఆయన చూపు భార్గవి తలకు బిగించి చుట్టుకున్న కొంగు మీద ఆగింది.

“గద్వాల నేసే పిల్లవేనా?”

కట్టడి మరిచిపోయి భార్గవి ఔనంది.

“నువ్వొస్తవని చెప్పింది. తలుపు కాడి నుంచే దవాఖానకు తోలమన్నది.”

భార్గవి భయం భయంగా లోపలి గోడవైపు చూసింది.

కూతురి పటం పక్కన, కొత్తగా దండ వేసిన పటంలోంచి ఈదమ్మ ఆమెనే చూస్తోంది.