ఎడమ అంచు

“గా చివర మొత్తం ఎర్రగొచ్చింది. గా ముక్క కట్ చెయ్యన్నా,” అన్నాడు అభిలాష్, దిల్‌సుఖ్‌నగర్ స్టూడియోలో కంప్యూటర్ మీద ఫోటో చూసి.

ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం వేసిన దీక్షా శిబిరం ఫోటో అది. శిబిరం నడిపే అభిలాష్ రేపు దాన్ని ఫ్లెక్సీ కట్టించాలి. తీసింది స్టూడియో యజమాని చక్రపాణి. టైమర్ పెట్టి, పరుగెత్తుకెళ్లి ఎడమ చివర తానూ కూర్చున్నాడు.

“కట్ ఎందుకయ్యా? ఈ డిజిటల్ రేంజ్‌ఫైండర్‌ కెమెరాకి వైడ్ లెన్స్ తగిలిస్తే అంచులు ఇలాగే ఎర్రబడతాయి. సరిచేయడం ఎంతసేపు!”

అదే లెన్సుకు తెల్లకాగితం అడ్డం పెట్టి ఇంకో ఫోటో తీశాడు. కాగితం అంచున పడిన ఎరుపును సాఫ్ట్‌వేర్‌కు చూపించి, శిబిరం ఫోటోలోంచి అంత ఎరుపూ తీసేయించాడు. ఫోటో చివర కమిలినట్టున్న తన ముఖం మామూలు చామనఛాయకు వచ్చింది.

“చూశావా? ఇప్పుడు అందరం ఒకటే వెలుగులో ఉన్నాం.”

అభిలాష్ తెర వైపు చూడలేదు.

“రంగు మంచిగైంది. అయినా కట్ చెయ్యన్నా. మన శిబిరంల ఆంధ్రాయన ఎందుకున్నడని అడుగుతున్నరు.”

“మీతో పాటు నేనూ పస్తు ఉన్నాను కదయ్యా.”

“నాకెరికే అన్నా.”

చక్రపాణి మౌస్ పట్టుకున్నాడు. కత్తిరించే గీతను లాక్కుంటూ ఫోటోలో తన భుజం దాకా వచ్చి ఆగాడు. ఆ భుజం మీద అభిలాష్ చెయ్యి ఉంది.

“నీ చెయ్యి అడ్డొస్తోంది,” అన్నాడు.

అభిలాష్ అప్పుడు తెరను తేరిపార చూశాడు.

“మోచెయ్యి కాడికి కట్ చెయ్యన్నా.”