దాపట, వలపట

"ఇంకెందుకయ్యా ఈ భూతం?" అన్నది సరసమ్మ, అటక మీది పెట్టె దుమ్ముకు ముక్కు మూసుకుంటూ.

"ఎగరేసేదానికి," అన్నాడు కుప్పుసామి.

పెట్టెలో ఉన్నది రిమోట్ విమానం సామాను. పలచటి చెక్కలు, చక్రాలు, ఆయిల్‌తో నడిచే చిన్న ఇంజిన్.

ఒకప్పుడు కుప్పుసామికి ధర్మపురిలో మోటారు వైండింగ్ అంగడి ఉండేది. ఆదివారం వస్తే అంగడి కట్టేసి విమానాలు ఎగరేసేవాడు. తర్వాత అంగడి మూతపడింది. విమానాలు అటకెక్కాయి. ఏ. పళ్లిపట్టి అనే ఈ ఊరికి వచ్చి పడ్డాక మనిషి కుర్చీకి అతుక్కుపోయాడు. రేడియో పెడితే వింటాడు, కట్టేస్తే ఊరుకుంటాడు. పిలిస్తే ఊఁ అంటాడు. సరసమ్మ దిగులంతా అదే.

మొన్న ఒక ఆదివారం మిద్దె మీదుగా చిన్న ఇంజిన్ మోత పోయింది. ఆ మోతకు కుర్చీలోంచి దిగ్గున లేచాడు. ఎన్నాళ్ళకు! భూతమని తిట్టిందే గానీ, నిచ్చెనెక్కి పెట్టె దించింది సరసమ్మే.

ఆ మోత బొమ్మిడి ప్రభు వాళ్ళది. ఊరవతల ఎండిన చెరువులో పదిమంది కుర్రాళ్ళు ప్రతి ఆదివారం విమానాలు ఎగరేస్తారు. వాళ్ళలో చేరడానికి ఒక కట్టుబాటు ఉంది. ప్రభు ఫోన్‌లో చెప్పాడు.

"ఒకసారి లేపి, మూడు చుట్లు తిప్పి, రెండు సున్నపు గీతల నడుమ దించాల మామా. దించితే మీరు మా మనిషి. లేదంటే ఊరికే వచ్చి చూసి పోండి."

"చూసి పోయేదానికి నేను రాను," అన్నాడు కుప్పుసామి.

ఇక ఇల్లంతా చెక్కపొట్టే. కొలబద్ద ఇస్తే పక్కన పడేశాడు. జానతో కొలిచి, గోటితో గీసి, ఉప్పుకాగితంతో నునుపుగా రుద్దాడు.

"జిగురేదే?"

"నీ మోకాలి పక్కనే ఉంది గదా!"

"స్క్రూడ్రైవరు?"

"నీ ఒళ్ళోనే. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెతికినట్లుంది నీ పని!"

ఎదురుగా ఉన్న వస్తువు ఏ మగవాడికి దొరికింది గనక!

విమానం తయారయ్యాక ఇద్దరే చెరువుకు పోయి ఎగరేసి చూశారు. బాగానే లేచింది. సరసమ్మ నోరు ఊరుకుంటుందా? "పైకి! చాలు! అయ్యో, ఎడమకయ్యా, ఎడమకు!" అని అరిచింది. ఆయన ఎడమకు తిప్పాడు. విమానమేమో వీళ్ళకు ఎదురుగా వస్తోంది. ఎదురొచ్చేదానికి మన ఎడమ దాని కుడి. అది వద్దన్న వైపే తిరిగి సీమతుమ్మ చెట్టులో దూరింది. రెక్క విరిగింది.

"నీ మాట విన్నాను చూడు, నాకు బుద్ధి లేదు!" అన్నాడు కుప్పుసామి.

మిగిలింది ఒక్క రెక్కకు సరిపడే చెక్క. "ఇదీ పోతే పెట్టె పాత ఇనుప అంగడికే," అనేశాడు.

సరసమ్మ భయం వేరే. పెట్టె పోతే పీడా పోయె. మనిషి మళ్ళీ కుర్చీలోకి పోతాడు.

ఆ పూట అన్నం వడ్డిస్తూ అన్నది: "మడక దున్నేటప్పుడు మా నాయన ఎద్దుతో ఎడమ, కుడి అన్నాడా? దాపట, వలపట అన్నాడు. ఎద్దు ఎటు తిరిగినా దాని ఎడమే దాపట, దాని కుడే వలపట. ఈసారి అట్లే చెప్తా."

"ఈసారి కూడా చెప్తావా?"

"చెప్పక?"

వారానికి కొత్త రెక్క సిద్ధమైంది.

ఆదివారం విమానం ముక్కు పట్టుకొని సరసమ్మ ముందు, తోక పట్టుకొని కుప్పుసామి వెనుక, పల్లకీ మోసినట్టు మోసుకొచ్చారు. అక్కడున్న అందరికీ నల్ల కళ్ళద్దాలే. ఆయనకూ అంతే. ఎండ అలా ఉంది మరి.

"అత్తా, మీరు ఇట్ల వచ్చేయండి. మామ ఎగరేస్తాడు," అన్నాడు ప్రభు.

"నేను ఈడనే ఉంటా," అని సరసమ్మ మొగుడి భుజం పక్కనే నిలబడింది. కుర్రాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు.

ఇంజిన్ మోగింది. విమానం లేచింది. దానితోపాటే సరసమ్మ గొంతూ లేచింది.

"దాపటికి! ఇంకా! సరి, నేరుగా పోనీ. మళ్ళా దాపటికి... ముక్కెత్తు, ముక్కెత్తు!"

మామ చేతిలో ఒక రిమోట్, అత్త నోట్లో ఒక రిమోట్. ఇంత సతాయింపులో కూడా కుప్పుసామి విమానం తిప్పుతూనే ఉన్నాడు.

ఒక చుట్టు అయింది. రెండయ్యాయి. మూడో చుట్టులో గాలి విసిరింది. విమానం ఒరిగి, ఆ పాడు సీమతుమ్మ వైపే పోయింది. కుర్రాళ్ళ నవ్వు ఆగింది. సరసమ్మకు ఏడుపొచ్చింది, నోరు మాత్రం ఆగలేదు.

"వలపటికయ్యా, వలపటికి! అంతే, నా తండ్రీ, అంతే! ఇప్పుడు దించు... మెల్లగా... ఇంకొంచెం..."

చక్రాలు నేలను తాకాయి. రెండు సున్నపు గీతల నడుమ విమానం బుద్ధిగా నిలబడింది.

కుప్పుసామి రిమోట్‌ను గుండెలకు అదుముకొని పకపకా నవ్వాడు. ఆ నవ్వు కోసం మొహం వాచిన సరసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ప్రభు పరుగెత్తుకొచ్చాడు. "సూపర్ మామా! ఇంక మీరు మా మనిషి! ఒక్క మాట, కోపం చేసుకోవద్దు. వచ్చే వారం అత్తని ఇంట్లో విడిచి రండి. ఇంత గోలలో ఎవరికైనా విమానం నడిపేదానికి అవుతుందా?"

కుప్పుసామి చేయి చాచి భార్య భుజం పట్టుకున్నాడు.

"ఆమెను ఇంట్లో విడిచి వస్తే విమానం ఎటు పోతాదో చూసి చెప్పేదెవరు నాయనా, నాకు రెండు కళ్ళూ పోయి ఎనిమిదేళ్ళాయె."