గూటి విలువ

ఆ చింతతోపులో గూడున్న ప్రతి పిట్టా కోతులకు పళ్ళు పన్నుగా కట్టాలి. ఏ గూటికి ఎంత విలువో తేల్చే సంఘాన్ని కూడా ఆ పళ్ళు తినే కోతులే ఎన్నుకునేవి. ఎక్కువ తినే కోతికి ఎక్కువ ఓట్లు.

ఈ ఏడు నల్లమ్మ అనే కాకికి పన్ను రెట్టింపయింది. చూస్తే అవే ఎండుపుల్లలు, అదే వంకర కొమ్మ. తెచ్చిన పళ్ళన్నీ పన్నుకే పోతే పిల్లలకేం పెట్టాలో తోచక, సంఘం దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకుంది.

సంఘానికి పెద్ద కోకిల.

"నీకు గూడే లేదు కదా కోకిలమ్మా, మా గూళ్ళ విలువ నీకెలా తెలుస్తుంది?" అంది నల్లమ్మ.

"గూడు లేదు కనకే పక్షపాతం ఉండదని నన్ను ఎన్నుకున్నారు వదినా. అయినా కిందటేటి కంటే నీ గూట్లో ఓ పిల్ల ఎక్కువుంది. ఇంకో పిల్ల పట్టిందంటే గూడు పెద్దదనేగా?"

"మరి నీ తీర్పు తప్పయితే ఎవరికి చెప్పుకోవాలి?"

"నాకే చెప్పుకోవాలి."

నల్లమ్మ పన్ను కట్టేసి, మిగిలిన ఒక్క పండూ ముక్కున కరుచుకుని గూటికి చేరింది. పిల్లలన్నీ నోళ్ళు తెరిచాయి. అన్నిటికంటే ముందుకు తోసుకొచ్చిన పిల్ల నోట్లో ఆ పండు పెట్టింది. ఆ పిల్ల గుటుక్కున మింగేసి, "కూ" అని ఇంకోటి అడిగింది.

నల్లమ్మకు అప్పుడు అర్థమైంది. కానీ ఆ సంగతి చెప్పుకోవాల్సింది కూడా కోకిలకే.