చూసే కన్ను

గులేరు రబ్బరు లాగి వదిలిన రాయి ఈసారీ గురి తప్పింది.

కోతి కంకి కొరుకుతూనే నవతకేసి చూసి పళ్లికిలించింది.

"నిన్ను చూసి నవ్వుతున్నది బిడ్డా అది" అన్నారెవరో వెనక నుంచి.

నవత ఉలిక్కిపడింది.

చేను గట్టు మీద యాభై ఏళ్ల మనిషి. కొత్త ముఖం. బాట మీద దుమ్ము కొట్టుకున్న జీపు.

కొత్తవాళ్లు పలకరిస్తే నవతకు గొంతు పెగలదు. తెలిసినవాళ్లతోనే అంతంతమాత్రం.

కిందటి నెల అడివి పంది నవత తండ్రి తొడను ఎముక కనిపించేలా చీల్చేసింది. అప్పటి నుంచి బాపు మంచంలో, నవత మక్క చేనులో. పంది ఇంకా తిరుగుతూనే ఉంది. కోతినే కొట్టలేని చెయ్యి దాన్నేం ఆపుతుంది?

"ఏ కన్ను మూస్తున్నవ్?" ఆయన అడిగాడు.

నవత ఎడమ కన్ను చూపించింది.

"రెండు చేతులు ముందుకు చాపు. అరచేతుల నడుమ జర సందు పెట్టు. రెండు కండ్లు తెరిచే గా సందుల నుంచి గా మోటరు డబ్బను చూడు. కనవడ్డదా?"

తలూపింది.

"ఇగ ఎడమ కన్ను మూయి."

డబ్బా మాయమైంది! నవత నోరు తెరిచింది.

"నీకు సరిగ్గ చూసేది ఎడమ కన్ను. నువ్వు దాన్నే మూస్తున్నవ్. ఇగ రాయేం జేస్తది పాపం?"

ఆయన గులేరు తీసుకుని, రబ్బరును తన ఎడమ చెంప దాకా లాగి వదిలాడు. దూరాన మోటరు డబ్బా ఠంగుమంది.

"గిట్ల. నాది గూడ ఎడమ కన్నే. కుడి కన్ను మూసి కొట్టు."

కుడి కన్ను మూయబోతే నవతకు రెండు కళ్లూ మూసుకుపోయాయి. ఆయన నవ్వి, జేబులోంచి దస్తీ తీసి ఆమె కుడి కంటికి కట్టాడు. గట్టు మీది గూన పెంకు ఒకటి ఏరుకున్నాడు.

"పట్నంల మట్టి పళ్లాలు గాలిలకు ఎగరేపిచ్చి తుపాకితోని కొట్టుడు నేర్పుత నేను. గిక్కడ పెంకులే దిక్కు. యాడున్నదో ఆడ కొట్టకు. యాడికి పోతున్నదో ఆడ కొట్టు."

గులేరు తిరిగి చేతికిచ్చి, ఆమెను సరిగ్గా నిలబెట్టి, పెంకును పైకి విసిరాడు.

పెంకు గాలిలోనే ముక్కలైంది.

ఆయన మెచ్చుకుంటూ ఆమె భుజాలు పట్టుకుని ఊపాడు. నవత పకపకా నవ్వింది. బాపు మంచాన పడ్డాక నవ్వడం అదే.

ఆ నవ్వు పక్క చేనులో కలుపు తీస్తున్న బుచ్చవ్వ చెవిన పడింది. తలెత్తి చూసింది. పిల్ల కంటికి గుడ్డ. భుజాల మీద పరాయి మగవాడి చేతులు. బాట మీద బండి.

పొద్దున ఊళ్లోని ఫోన్లన్నిటిలో తిరిగిన వీడియో ఆమె మనసులో మెదిలింది.

"పిల్లల నెత్కపోయెటోడు ఒచ్చిండ్రో! పోరి కండ్లకు గుడ్డ కట్టిండ్రో!"

పత్తి చేలలోంచి మనుషులు ఉరికొచ్చారు. అందరికంటే ముందు నవత చిన్నాన్న మల్లేష్. చేతిలో తుమ్మ కర్ర.

"ఎవడ్రా నువ్వు?"

"నేను... సర్పంచ్ మేడమ్..."

మొదటి దెబ్బకు పళ్లూ మాటా కలిసి రాలిపోయాయి.

"సర్పంచ్ పేరు గూడ నేర్సుకొనే ఒచ్చిండు, దొంగ నా కొడుకు!"

రెండో దెబ్బకు మోకాలు విరిగింది. పడ్డాక ఇక లెక్కే లేదు. కాళ్లు, కర్రలు, రాళ్లు. ఎవరో జీపులోని పొడుగాటి సంచి విప్పారు.

"అమ్మో, తుపాకి!"

అంతవరకు వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకొచ్చారు.

'కాకా, ఆయన గురి నేర్పిండు' అన్న మాట నవత గొంతులోనే ఉంది. పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు.

కింద ఉన్న మనిషి నెత్తురు ఉమ్మాడు.

"పిల్ల ముంగట... కొట్టకుండ్రి..."

మల్లేష్ కర్ర కొన ఆయన ముఖం మీద దిగింది. ఏదో చిట్లింది. ఆయన రెండు చేతులతో ఎడమ కన్ను పట్టుకుని మట్టిలో దొర్లాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురుతో పాటు ఇంకేదో కారింది.

అప్పుడు వచ్చింది సర్పంచ్ మమతారాణి, చెప్పులు కూడా లేకుండా ఉరుక్కుంటూ.

"ఓరి మీ చేతులిరగ! పందిని కొట్టనీకి పర్మిషన్ ఉన్న ప్రేమ్‌చంద్ సారు రా గీయన! నెల సంది బతిమిలాడి మనమే పిలిపిచ్చుకుంటిమి గద! రేపొస్తనన్నడు. చేను చూద్దామని ఇయ్యాల్నే ఒచ్చినట్టున్నడు."

కర్రలు ఒక్కొక్కటే కింద పడ్డాయి.

పొద్దుగూకేవేళకు దవాఖాన నుంచి కబురు వచ్చింది. ప్రాణం దక్కింది. ఎడమ కన్ను దక్కలేదు.

చేను పక్కనే ఉన్న ఇంట్లో, బాపు మంచం చుట్టూ అందరూ తలలు దించుకుని కూర్చున్నారు. చివరికి మల్లేషే నోరు విప్పాడు.

"ఒక్క కన్నే గద పోయింది. తుపాకి కొట్టెటోళ్లు ఎట్లన్న ఒక కన్ను మూసుకునే కొడతరు. మానినంక మళ్ల పిలుద్దాం. నేను కాళ్ల మీద పడ్త."

"గదీ నిజమే" అంది బుచ్చవ్వ.

బాపు ముఖంలోకి కూడా కొంచెం ప్రాణం వచ్చింది.

చేనులో మక్క కర్రలు ఫెళఫెళా విరుగుతున్న చప్పుడు వినిపించింది. పంది వచ్చింది. ఎవరూ లేవలేదు.

నవత పిడికిట్లో ఇంకా ఆ దస్తీ ఉంది. అంతమందిలో ఆమె నోరు తెరవడం అదే మొదలు.

"సారు చూసేది ఎడమ కన్నుతోనే, కాకా."