సీలు విప్పని బొమ్మలు

"ఈడ మార్కండేయ సామి పటం ఉండాలె గదరా. ఏది?"

గంగాబాయి గోడ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"వంటింట్ల పెట్టినమ్మా," అన్నాడు భూషణ్, స్టూలెక్కి మేకు కొడుతూ. "ఆడ గూడ మంచిగనే కనవడ్తది."

కులదేవుణ్ణి పోపు పొగలోకి తోసేసి ఆ చోట కొడుకు వేలాడదీసినవి బొమ్మలు. గోడ నిండా బొమ్మలే. రోబోలు, రెక్కల సైనికులు, ముసుగు వీరులు. ఒక్కదానికీ అట్ట ఊడలేదు, పైనున్న ప్లాస్టిక్ మూత తీయలేదు. నార్పోలి పేటలో అతనికి ఉన్నదే ఒక గది, ఓ వంటిల్లు. ఆ గదిని కూడా దుకాణం చేసి పెట్టాడు మహానుభావుడు. ఇవాళ ఇంకో రోబో చేరుతోంది. కింద నిలబడి మేకులందించే పని ఎనిమిదేళ్ల కూతురు కోమల్‌ది.

గంగాబాయి ఉండేది నాగావ్‌లో, పెద్దకొడుకు నిలేష్ దగ్గర. చిన్నకోడలు రూపాలి రమ్మని పట్టుబడితే రెండేళ్ల తర్వాత ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆ గోడను చూస్తే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

"కొన్నవు, మంచిగుంది. ఒక్కటన్న ఇప్పి పోరికియ్యరాదు?"

"వాటిని ముట్టకు అమ్మా. ఇంట్ల లొల్లయితది."

"బొమ్మ ఇప్పితె లొల్లెందుకైతది?"

"ఇప్పితే కీమత్ పోతదట."

"ఎవడన్నడు ఆ మాట?"

భూషణ్ సుత్తి పక్కన పెట్టి స్టూలు దిగాడు.

సాయంత్రం ఆమె సంచిలోంచి చీరలు తీసి సర్దుకుంటోంది. ఒడిబియ్యంలో వచ్చినవి, మళ్లీ ఎవరికో పెట్టాల్సినవి. కోమల్ పక్కన కూర్చుని ఒక చీర మీద చెయ్యి వేసింది.

"కవర్ తియ్యకు బిడ్డా. మడత ఇరిగిందంటే పెట్టుడుకు పనికిరాదు."

"తెలుసు బాపమ్మా," అని కోమల్ బుద్ధిగా చెయ్యి తీసేసింది. తర్వాత తడిగుడ్డ తెచ్చుకుని, స్టూలెక్కి బొమ్మల కవర్లు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది.

ఆడుకోవలసిన పిల్ల చేత ఆడుకోనివ్వని బొమ్మలకు ఊడిగమా?

"నీకు గవంటే ఇష్టమేనా బిడ్డా?"

"బహుత్ ఇష్టం."

"మరి ఒక్కటన్న చేతిల పట్టుకోవేంది?"

"నకో, వద్దు బాపమ్మా. కవర్ చినిగితే అంతా ఖతం," అంది కోమల్, కళ్లు పెద్దవి చేసి. ఎంత భయపెట్టి ఉంచాడో పసిదాన్ని.

గంగాబాయి వంటింట్లోకి వెళ్లి కోడలిని నిలదీసింది. "నీ మొగనికి నువ్వన్న చెప్పరాదా?"

రొట్టెలు చేస్తున్న రూపాలి నవ్వింది. "అది వాళ్లిద్దరి పంచాయితి అత్తమ్మా. నేను నడుమ రాను. అయినా మీ చీరలు గూడ కవర్లల్లనే ఉన్నయి గదా."

"చీరలు పెట్టుడుకు. బొమ్మలు గూడ పెట్టుడుకేనా?"

కోడలికి నవ్వులాటగా ఉంది, గంగాబాయికి కాదు. భూషణ్ మరమగ్గాల పని ముగించుకుని సాంచాల నుంచి రాగానే గోడ ముందు నిలబడతాడు. ఒక్కో కవరునూ వేలితో నిమురుతాడు, నిట్టూరుస్తాడు. పిసినారి తన బంగారం చూసుకున్నట్టు ఏమిటా చూపు?

నాలుగు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం రూపాలి బజారుకు వెళ్లింది. కోమల్ ట్యూషన్‌లో ఉంది. గంగాబాయి గోడ మీది కొత్త రోబోను దించి, కత్తెర తీసుకుని కవరు నిలువునా కోసేసింది. ప్లాస్టిక్ పర్రుమని చిరుగుతుంటే కడుపు చల్లబడింది. కోమల్ రాగానే చేతిలో పెట్టాలి. ఆ తర్వాత కొడుకు ఇల్లెగిరిపోయేలా అరిచినా సరే.

కానీ ముందు కొడుకే వచ్చాడు. కరెంటు పోయి సాంచాలు ఆగిపోయాయట.

"నువ్వే ఇప్పినవా అమ్మా?"

"నేనే ఇప్పిన. ఏం జేస్తవు, నన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తవా?" ఇన్నాళ్ల కోపమూ ఒక్కసారిగా పొంగింది. "చిన్నప్పుడు నీకు బొమ్మ యాడిదిరా? సాంచాల కాడ నూలు కండెలు చుట్టుకుంట, ఒట్టి కండెలకు కండ్లు ముక్కు గీసుకోని ఆడుకుంటివి. గసొంటోనివి నీ బిడ్డకు బొమ్మలు సూపిచ్చి ఊరిస్తున్నవా? మనసెట్ల ఒప్పుతుంది నీకు?"

భూషణ్ ఆ మాటలు విన్నట్టే లేడు. తలుపు వైపు చూశాడు.

"కోమల్ ఎప్పుడొస్తదమ్మా?"

"వచ్చే యాళ్లయింది. రాంగనే దాని చేతిల పెడ్త."

"అది రాకముందే..." అంటూ నేల మీద చతికిలబడి రోబోను అందుకున్నాడు. దాని చెయ్యి కిందికి తిప్పాడు, కాలు వంచాడు. మళ్లీ అట్టలో కుక్కడానికే ఈ తంటా అనుకునేసరికి గంగాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"సిగ్గు లేదురా నీకు? ఇటియ్యి."

"ఒక్క నిమిషం అమ్మా. ఒక్క నిమిషమే."

ఆమె లాగబోయింది. అతను వదల్లేదు.

అంతలో కోమల్ వచ్చింది. గుమ్మంలోనే ఆగి చిరిగిన కవరును చూసింది, నేల మీద కూర్చున్న తండ్రిని చూసింది. భుజం మీది సంచి జారి కింద పడింది. తండ్రి గబుక్కున రోబోను వెనక దాచుకున్నాడు.

"రా బిడ్డా, మంచిగ ఆడుకో. నిన్ను ఆపెటోడెవడో నేను సూస్త," అంటూ గంగాబాయి చేతులు చాచింది.

కోమల్ ఆమె వైపు తిరగనే లేదు.

"ఎన్నిసార్లు చెప్పాలె నాన్నా, నా బొమ్మలతోని ఆడుకోవద్దని?"