జానయ్య మనసు పెట్టి గీసిన ముఖం

ఎల్బీనగర్‌లో కొత్త కాలనీలు లేస్తున్న రోజులవి. సగం కట్టిన ఇళ్లకు వేలాడదీసే దిష్టి గుమ్మడికాయల మీద రాక్షసుడి ముఖాలన్నీ జానయ్య గీసినవే. పన్నెండేళ్లుగా అవే కోరలు, అవే మీసాలు.

"అలవాటుగ చెయ్యి ఆడిస్తె చాలు బిడ్డా. మనసు పెట్టి గీస్తివా, ఎవడో ఒకడు అండ్లకొచ్చి కూసుంటడు," అని పని నేర్పిన ఉస్తాద్ చెప్పేవాడు.

ఆ సాయంత్రం జానయ్యకు ఆ కోరలంటే విసుగు పుట్టింది. చేతికి ఎక్కడిదో ఊపు వచ్చింది. తానెన్నడూ చూడని ఒక మనిషి ముఖం గీశాడు. అంత బాగా జన్మలో ఏదీ గీయలేదు.

చీకటి పడ్డాక దాన్ని ఓ కొత్త ఇంటికి కట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లోని తన ఇంటికి బయల్దేరాడు. గుమ్మడికాయ దిగిపోయినా సైకిల్ వచ్చినప్పటికంటే బరువుగా సాగుతోంది. రెండుసార్లు దిగి టైరు నొక్కి చూశాడు. గాలి నిండుగానే ఉంది. మళ్లీ ఎక్కగానే వెనక క్యారియర్ కిర్రుమంది. అప్పటిదాకా మొరిగిన కుక్కలు ఊరుకున్నాయి.

తలుపు తీసిన భార్య సైదమ్మ, అతని భుజం మీదుగా చూసి కొంగు సర్దుకుంది.

"మనిషిని తోల్కొస్తున్నప్పుడు ముందుగాల చెప్పొద్దా?" అంది. "పాపం, గా దర్వాజ కాడనే నిలవెట్టినవేంది? లోపటికి రమ్మను."